పక్క సీటుకు బరువు పెట్టలేదు

తాండూరు,
శనివారం పొద్దున.

ప్రియమైన పద్మకు,

ఇక్కడ నేను, మన బండల యూనిట్ పనివాళ్లు అందరం బాగున్నాం. దోమ ఊళ్లో భాగ్యశ్రీ వదినా వాళ్లు కులాసాగా ఉన్నారని తలుస్తున్నాను. నువ్వు కూడా బాగున్నావనే తలుస్తున్నానని రాద్దామంటే, నీ ఉత్తరం చూశాక చెయ్యి రావడం లేదు. పడుకుని రాసినట్టున్నావు. ఇన్నేళ్లు బడిలో నల్లబల్ల మీద తీగలాగా సాగిన నీ అక్షరాలు ఈ కాగితం మీద కిందికి జారిపోయాయి.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబు చెబుతాను. నీళ్ల మోటారు బాగు చేయించాను. బీపీ గోలీ మరచిపోవడం లేదు. మరచిన రోజు మన బిడ్డ సహస్ర హైదరాబాద్ నుంచే ఎట్లానో పసిగట్టి తిడుతోంది. వంట సంగతి మాత్రం అడగకు. నిన్న పప్పు మాడ్చాను, ఆ గిన్నె నీ కంట పడకుండా ఎక్కడ దాచాలా అని చూస్తున్నాను. పరశురాం లారీలో బండల లోడు తీసుకుని పరిగి వైపు వస్తున్నాడు, వాడి చేతికే ఈ ఉత్తరం ఇస్తున్నాను.

మొన్న బజారులో బషీరాబాద్ నుంచి వచ్చిన ఒకామె నన్ను ఆపింది. మీ బడిలో ఒకటో తరగతి పిల్ల తల్లి. "టీచరమ్మ ఎప్పుడొస్తది సారూ? మా పొల్ల ఇంట్ల కన్నడమే మాట్లాడతది. టీచరమ్మ చెప్తెనే దానికి తెలుగు ఎక్కుతది" అంది. వస్తదమ్మా అన్నాను.

నువ్వేమో సోమవారం స్వచ్ఛంద విరమణ దరఖాస్తు ఇచ్చేస్తానని రాశావు. పిల్లలతో నేల మీద కూర్చోలేని నడుముతో ఇక బడికి పోయి ఏం చేస్తానన్నావు. అంత మెత్తటి కారులో కూర్చుంటేనే ఇట్లా అయిందంటే నా నడుము పని అయిపోయినట్టే అన్నావు. చివర్లో, "నా కోసమని కారు మాత్రం అమ్మకు" అన్నావు. ఆ మాట చదివినప్పటి నుంచి నాకు అన్నం సహించడం లేదు. ఫోనులో చెబుదామని మూడుసార్లు చేశాను. మూడుసార్లూ "తిన్నవా" అని అడిగి పెట్టేశాను. నోటితో చెప్పే ధైర్యం లేక ఈ కాగితం పట్టుకున్నాను.

అది మెత్తటి కారు కాదు పద్మా. నీకు అబద్ధం చెప్పాను.

ఆదివారాలు మేం నలుగురు దోస్తులం కార్లేసుకుని అనంతగిరి గుట్ట మలుపుల్లో తిరుగుతామని నీకు తెలుసు కదా. మలుపులో నా ఎర్ర కారు ఒక పక్కకు ఒరిగేది. "అన్నా, నీ బండి తిరుగుతున్నదా, పండుకుంటున్నదా?" అని పప్పుమిల్లు ప్రేమ్‌సాగర్ అందరి ముందూ నవ్వాడు. ఆ మాట నాకు గుచ్చుకుంది. స్ప్రింగులు, షాకులు మార్పిద్దామని వికారాబాద్‌లో మెకానిక్ డేవిడ్ దగ్గరికి పోయాను.

డేవిడ్ రెండు రకాలు ముందర పెట్టాడు. "సార్, గివి మన రోడ్లకు. బండి జర ఒరుగుతది గని లోపలున్నోళ్లకు దెబ్బ తెల్వది. గవి పోటీలకు. మస్తు గట్టిగుంటయి, బండి కిందికి దిగుతది. గుంతల పడితే దెబ్బ సీదా నడుముకే" అన్నాడు. స్ప్రింగు బరువు మోస్తుందని, అది ఎగిరెగిరి పడకుండా షాకు పట్టుకుంటుందని, రెండూ ఒకదానికొకటి తగ్గట్టు ఉండాలని ఓపికగా చెప్పాడు. నేను వింటేగా! ముప్పై ఏళ్లుగా లారీలకు బండలు ఎత్తించినవాణ్ని. లోడు వేస్తే కుంగనిదే మంచి స్ప్రింగు అనేది మా లెక్క. గట్టిదాని మీద చెయ్యి వేసి నొక్కాను. కదల్లేదు. ఇదే బిగించు అన్నాను.

కారు ఎత్తు సరిచూడటానికి, కూర్చునేవాళ్ల బరువు సీట్లలో పెట్టాలట. మన యూనిట్ నుంచి పాలిష్ బండలు తీసుకుపోయాను. నా బరువుకు సరిపడా డ్రైవరు సీటులో పేర్చాను. మిగతావి పట్టుకుని డేవిడ్ అడిగాడు: "పక్క సీట్ల ఎంత పెట్టాలె సార్?"

"అండ్ల ఎవ్వరు కూసోరు" అన్నాను.

రెండే సీట్లున్న కారు అది. రెండోది ఎవరిదో డేవిడ్‌కు తెలియదు గానీ నాకు తెలుసు కదా. నడుము నొప్పి ఉన్న మనిషి కూర్చుంటుందని చెబితే అతను గట్టివి బిగించేవాడు కాదు. అందుకే అసలు నువ్వే లేనట్టు చెప్పాను. ఇంటికొచ్చి నీతో మాత్రం, "నీ నడుము కోసం మెత్తటివి ఏయించిన" అన్నాను. నువ్వు సంబరపడి డేవిడ్‌కు ఇమ్మని మురుకుల డబ్బా కట్టావు.

చుట్టాలింట్లో పెళ్లిచూపులకని మనం వికారాబాద్ పోయిన రోజు, స్పీడ్ బ్రేకరు నేను చూసుకోలేదు. కారు దబ్బున పడింది. నువ్వు ఒక్కసారి "అమ్మా" అన్నావు. వెంటనే "ఏం గాలె, నువ్వు పోనియ్" అన్నావు. మర్నాడు మంచం దిగలేకపోయావు. డాక్టరు నిన్ను చూస్తూ, "ఏదన్న దెబ్బ గాని, కుదుపు గాని తగిలిందామ్మా?" అని అడిగాడు. నువ్వు నోరు తెరిచేలోపే నేను అందుకుని, "లేదు సార్, మా బండి మస్తు మెత్తగుంటది" అన్నాను. నువ్వు నన్ను నమ్మి తల ఊపావు. అట్లయితే వయసుతో వచ్చిన అరుగుదలే, ఇక తగ్గేది కాదు అని ఆయన రాశాడు. నీ ఉద్యోగం మీదికి వచ్చింది ఆ రాతే. ఆ రాత నా నోట్లోంచే వచ్చింది.

నిన్న ఆ కారులోనే వికారాబాద్ పోయి డాక్టరుకు అంతా చెప్పాను. బయట కూర్చున్నవాళ్లకు వినబడేట్టు తిట్టాడు, తిట్టనీ. దెబ్బ వల్ల వచ్చిన నొప్పి అయితే లెక్క వేరే, మళ్లీ పరీక్ష చేయాలి, విశ్రాంతితో తగ్గే అవకాశం బాగా ఉంది, ఇప్పుడే ఉద్యోగం మానుకోవద్దని చెప్పమన్నాడు. అక్కడి నుంచి డేవిడ్ దగ్గరికి పోయి అతనికీ చెప్పాను. "ఒక్క మాట ముందుగాల చెప్తే అయిపోతుండె గద సార్" అన్నాడు, అంతే. కారు అక్కడే వదిలేసి బస్సులో వచ్చాను. దాన్ని ఉంచాలా, అమ్మాలా అన్నది నువ్వు చెప్పు.

నన్ను ఇప్పుడే క్షమించమని అడగడం లేదు. కోపం తీరేదాకా వదిన దగ్గరే ఉండు, నాతో మాట్లాడకపోయినా సరే. ఆ దరఖాస్తు మాత్రం ఇయ్యకు పద్మా. నీ నడుము పని అయిపోలేదు. అయిపోయిందని నిన్ను నమ్మించింది నేను.

బుధవారం రమ్మన్నాడు డాక్టరు. వదినను తోడు తీసుకుపో. ఆ రోజు కారులో ఏం జరిగిందో ఆయన నిన్ను మళ్లీ అడుగుతాడు. నేనూ వస్తాను గానీ లోపలికి రాను, బయట బెంచీ మీద కూర్చుంటాను. ఈసారి నువ్వే చెప్పు.

ఇట్లు,
నీ ముందర తలెత్తలేని
సహస్ర నాయన,
బాల్‌రాజ్