పేరు ఒకసారి పైకి చదవండి

అమ్మకు నీ పెద్దమ్మాయి నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. అంతటితో ఊరుకుంటే నువ్వు నమ్మవు కాబట్టి వివరంగా రాస్తున్నాను: నా నడుము నొప్పి తగ్గింది, నీ అల్లుడి దగ్గు తగ్గింది, ఆయన పాట మాత్రం తగ్గలేదు. లక్షల మంది చేత ఫోన్లో డబ్బు పంపించేదాన్ని, కన్నతల్లికి మాత్రం స్టాంపు అంటించి ఉత్తరం రాస్తున్నానని ఆఫీసులో అందరూ నవ్వుతారు. ఫోన్లో చెప్పింది గాలికి పోతుందని నువ్వు పట్టుబట్టాక నేనేం చేయను.

నీ ప్రశ్నలకు వరసగా జవాబులు. మొదటిది, మా బ్యాంకుకి సాయంత్రం తాళం ఎవరు వేస్తారని. ఎవరూ వేయరమ్మా, అసలు తలుపే లేదు కదా. ఎవరి తాళం వాళ్ల ఫోన్లోనే ఉంటుంది, వాళ్ల వేలు తగిలితేనే తెరుచుకుంటుంది. రెండోది, వేళకు తింటున్నానా అని. తింటున్నాను, కాకపోతే ఆ వేళ ఎప్పుడన్నది నేనే నిర్ణయిస్తున్నాను. మూడోది పక్కింటి టీచరమ్మ చెవుల సంగతి. దానికి చివర్లో వస్తాను.

సైకిల్ షాపు మీది గది గుర్తుందా? బ్యాంకు పెట్టిన మొదటి ఏడాది అక్కడ ముగ్గురం, ఒకటే ఫ్యాను. నువ్వొచ్చి కౌంటరేదీ అని గదంతా వెతికావు. ఇప్పుడు మూడంతస్తుల్లో రెండు వందల మందిమి ఉన్నా కౌంటరు మాత్రం లేదు. అది నా పంతం, ఆ పంతానికి కారణం కూడా నువ్వే. బడి వదిలాక నువ్వు పనిచేసే బ్యాంకులో, నీ కుర్చీ వెనక స్టూలు మీద కూర్చుని, క్యూలో జనం విసుక్కోవడం చూస్తూ పెరిగాను. ఎవరికైనా మొదటిసారి డబ్బు పంపుతూ ఫారం ఇస్తే, "తొందరేం లేదండీ, పేరు ఒకసారి పైకి చదవండి" అనేదానివి. వాళ్లు చదివేదాకా ముద్ర వేసేదానివి కాదు. వెనకవాళ్లు పళ్లు నూరేవాళ్లు. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధయ్యేది కాదు. ఎవరూ ఎవరికోసం ఆగక్కర్లేని బ్యాంకు పెట్టాలని ఆ స్టూలు మీదే అనుకున్నాను. పెట్టాను కూడా. మూడు సెకన్లలో డబ్బు చేరుతుందని గోడల మీద గొప్పగా రాయించాను.

ఆ మూడు సెకన్లే పీకల మీదికి తెచ్చాయి. గురువారాల్లో ఫిర్యాదుల ఫోన్ నేనే తీస్తానని నీకు తెలుసు. ఒక గురువారం సోఫాలు కుట్టే పెద్దాయన చేశాడు. కూతురి కాలేజీ ఫీజు కట్టబోయి, ఒక అంకె తప్పు నొక్కి, ముక్కూమొహం తెలియని మనిషికి పంపేశాడు. తెర మీద ఆ మనిషి పేరు కనిపించే ఉంటుంది కదండీ అన్నాను. "కనిపించింది తల్లీ. చూశాను గానీ చదవలేదు" అన్నాడు. ఆ డబ్బు వెనక్కి రప్పించడానికి పదకొండు రోజులు పట్టింది. అన్ని రోజులూ ఆయన నన్ను ఒక్క మాట అనలేదు, నాకు అందుకే ఎక్కువ బాధేసింది.

కొత్త మనిషికి డబ్బు పంపేటప్పుడు మన యాప్ కాసేపు ఆగాలి, పేరు పైకి చదవమని అడగాలి అన్నాను. పెట్టుబడి పెట్టినవాళ్లు గుడ్లు తేలేశారు. వాళ్లలో ముఖ్యుడు, కళ్లజోడాయన, "వేగమే కదమ్మా మన సరుకు. సరుకులో మీరే నీళ్లు కలుపుతారా?" అన్నాడు. మాటా మాటా పెరిగింది. మూడు నెలలు చూడండి, ఇలాంటి ఫిర్యాదులు సగానికి తగ్గకపోతే ఈ కుర్చీలోంచి నేనే లేచిపోతాను అనేశాను. నీకు రాయలేదు. రాస్తే నీకు నిద్రపట్టదు, నీకు పట్టడం లేదని నాకూ పట్టదు.

మొన్న సోమవారంతో మూడు నెలలు నిండాయి. ఫిర్యాదులు పదోవంతుకు పడిపోయాయి. కళ్లజోడాయన లెక్కల కాగితం రెండుసార్లు చూసి, "కుర్చీ బాగానే ఉందా, కుషన్ ఏమైనా మార్పించమంటారా?" అన్నాడు. సోఫాల పెద్దాయన చేతే మార్పిద్దాం అన్నాను.

ఇక టీచరమ్మ. తన ఫోన్లోంచి నీ గొంతు వినిపించిందని ఆవిడ ఒట్టేసి చెబుతోందనీ, చెవుల డాక్టరుకు చూపించుకోమని నువ్వు మందలించావనీ రాశావు. అమ్మా, ఆవిడ చెవులు లక్షణంగా ఉన్నాయి. ఆ గొంతు నీదే.

నాలుగు నెలల కిందట నేనొచ్చినప్పుడు, వంటగదిలో నీ చేత "పేరు ఒకసారి పైకి చదవండి" అన్న ఆ పాత మాట ఫోన్లోకి చెప్పించాను. గుర్తుగా దాచుకుంటానన్నాను. అది సగమే నిజం. అంతకుముందు డబ్బిచ్చి మంచి గొంతులవాళ్ల చేత చెప్పించి, కొద్దిమందికి వినిపించి చూశాం. జనం వినకుండా ముందుకు నొక్కేశారు. నీ గొంతు పెట్టగానే బడిపిల్లల్లా పైకి చదివారు. అడిగితే వద్దంటావని అడగలేదు. నలభై లక్షల మందికి వినిపించాను, నీకు తప్ప. తప్పు చేశానమ్మా, క్షమించు. "సొంత తల్లినే అడగలేదా?" అని మా లాయరు నన్ను నిలబెట్టి కడిగేసింది.

ఈ కవర్లో అనుమతి పత్రం పెట్టాను. నువ్వు వద్దంటే ఆ రోజే నీ గొంతు తీసేస్తాను. దానివల్ల ఫిర్యాదులు మళ్లీ పెరిగి నా కుర్చీ పోయినా, ఆ తప్పు నాదే. కానీ ఒక్క మాట. చిన్నప్పుడు ఆ స్టూలు మీద నిన్ను చూసి సిగ్గుపడ్డాను కదా. ఇప్పుడు బస్సులోనో, మందుల షాపులోనో ఎవరి ఫోన్లోంచైనా నువ్వు పలికితే నవ్వు ఆగదు. మా అమ్మే అని చెప్పాలనిపిస్తుంది. ఇప్పటికే ఇద్దరికి చెప్పాను.

టీచరమ్మకు నా తరఫున క్షమాపణ చెప్పు. పత్రంలో మొదటి గీత మీద నీ పేరు అచ్చు వేయించాను. తొందరేం లేదు. సంతకం పెట్టే ముందు ఒకసారి పైకి చదువు.

ఇట్లు,
అడక్కుండా నీ గొంతు పట్టుకుపోయిన
నీ పెద్దమ్మాయి