పెద్దగదిలో పొయ్యి

పొయానా వెకె,
ద్రాక్షకోతలు ముగిశాక వచ్చిన ఆదివారం.

అమ్మకు,

నీ రెండు చేతులూ ముద్దుపెట్టుకుని రోదికా రాస్తున్నది. నాన్నా, నేనూ, కోళ్ళూ, కుక్కా దేవుడి దయవల్ల తిని తిరుగుతున్నాం. అక్కడ ఇటలీలో నీ నడుము నొప్పి తగ్గిందనీ, నువ్వు కనిపెట్టుకుని ఉండే ఆ ముసలి సిన్యోరా నిన్ను మునుపటిలా సతాయించడం లేదనీ అనుకుంటాను.

చిన్నప్పటినుంచీ నాలో ఉండిపోయిన ప్రశ్న ఒకటి ముందే అడిగేస్తాను. వాయిదా వేస్తే ఉత్తరం చివరికొచ్చేసరికి ధైర్యం చాలదు. ఇంట్లో అన్నిటికంటే మంచి గదిని ఇంకా రాని మనిషి కోసం ఎందుకు ఉంచుతాం? మనమంతా వంటగది పక్క గదిలో ఒకరి కాళ్ళు ఒకరికి తగులుతూ పడుకునేవాళ్ళం. ఎండ బాగా పడే పెద్దగదేమో నువ్వు నేసిన తివాచీలకీ, కప్పుదాకా పేర్చిన దిండ్లకీ, ఎప్పుడో వచ్చే అతిథికీ. వచ్చే విదేశీయులంతా ఇదే అడుగుతారు. మర్యాద అన్నాను ఒకరితో, ఆచారం అన్నాను ఇంకొకరితో. బడిలో నేను నేర్పే ఫ్రెంచిలో చెబితే రెండూ అందంగానే ఉంటాయి. రెండూ నేను నమ్మి చెప్పినవి కావు.

నువ్వడిగినవి చెబుతాను. పులుపు ద్రాక్ష ఈసారి బాగా కాసింది, పీపాలో పొంగు ఇంకా ఆగలేదు. నేలమాళిగ తలుపు తీస్తే ఘాటుకి కళ్ళు మండుతున్నాయి. నాన్న మోకాలు అలాగే ఉంది. కర్ర కొన్నాను, దాన్ని కుక్కని అదిలించడానికి వాడుతున్నాడు. తివాచీల మడతల్లో వాల్‌నట్ ఆకులు మార్చాను, పురుగు పట్టలేదు. పక్కింటి ఫెన్యా అత్తకి కొత్త పళ్ళు కట్టించారు. పెట్టుకుంటే మాట రాదని తీసి జేబులో వేసుకుని తిరుగుతోంది.

ఇవన్నీ ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. ఫోను మోగితే నాన్న వచ్చి పక్కన కూర్చుంటాడమ్మా. ఒక్క మాట మాట్లాడడు, అన్నీ వింటాడు. నువ్వు ఉత్తరం చివర అడిగిన మాటకి అలా జవాబు చెప్పలేను. అందుకే ఈ కాగితాలు ఇటలీ వచ్చే వ్యాను డ్రైవరుకిచ్చి పంపిస్తున్నాను, వాల్‌నట్ సంచి అడుగున ఉంటాయి.

కోతలప్పుడు ఒక అతిథి వచ్చింది. పేరు హన్నెకె, హాలండు మనిషి, ఇంచుమించు నీ వయసు. సైకిలు మీద దేశాలు తిరుగుతోందట. రాత్రికి చోటుందా అని గేటు దగ్గర అడిగింది. నాన్న టోపీ సర్దుకుని, పెద్దగది తలుపు తెరిచి, దిండ్ల దొంతర దింపించాడు. వైను తెచ్చి, గ్లాసు నింపి ముందు తను తాగి, అదే గ్లాసు మళ్ళీ నింపి ఆమెకిచ్చాడు. ఎలా ఉంటాడో నీకు తెలుసు కదా, అతిథి ముందు పదేళ్ళు చిన్నవాడైపోతాడు.

ఫెన్యా అత్త కంచె మీదుగా చూసి ఊరుకుంటుందా?

"ఏం తుదోసె, ఇటలీ పెళ్ళాం తిరిగొచ్చేలోపల హాలండు పెళ్ళాన్ని చూసుకున్నావా?"

"పళ్ళూడినా నీ నోరు మాత్రం ఊడలేదే ఫెన్యా" అన్నాడు నాన్న.

ఆమె ఏమంటోందని హన్నెకె నన్ను ఫ్రెంచిలో అడిగింది. మీ సైకిలు బాగుందంటోంది అని చెప్పాను.

ఆ తర్వాత వాన పట్టుకుంది. దారంతా బురద, ఆమె కదల్లేకపోయింది. పెద్దగదిలో చలి కాచుకునే పొయ్యి లేదు కదా. పొద్దున్నే పెదవులు నీలంగా, దుప్పటి చుట్టుకుని వంటగదిలోకి వచ్చింది. నేను బంగాళాదుంపల చెక్కు తీస్తున్నాను. బల్ల మీద ఇంకో కత్తి కనిపిస్తే తీసుకుని నా పక్కన కూర్చుంది. నాన్న చూసి ఠక్కున లేచాడు.

"కత్తి అక్కడ పెట్టమని చెప్పవే ఆవిడకి. అతిథి చేత చెక్కు తీయించామని తెలిస్తే ఊరు నా మొహాన ఉమ్మేస్తుంది."

చెప్పాను. ఆమె కత్తి దించలేదు, నవ్వింది.

"మీ నాన్నగారిని అడగండి, ఈ ఇంట్లో ఎన్నాళ్ళు అతిథిగా ఉండాలి?"

అదీ చెప్పాను. నాన్నకి ఆలోచించాల్సిన పని లేకపోయింది.

"పోయేదాకా."

"మరి పోని వాళ్ళు?" అంది ఆమె.

"పోనివాళ్ళకి పెద్దగది ఇవ్వం" అన్నాడు నాన్న.

రెండు భాషల మధ్య నిలబడి ఆ మాటలు అటూ ఇటూ మార్చి అందించాను అమ్మా. ఆమె సరదాగా అడిగింది, ఆయన మామూలుగా చెప్పాడు, వాళ్ళిద్దరికీ అందులో ఏమీ లేదు. నాకు మాత్రం కిందటి వేసవిలో సెలవుకొచ్చిన నువ్వు కనిపించావు. పెద్దగదిలోంచి వచ్చి గిన్నెలు కడగబోతే నాన్న నీ చేతిలో గుడ్డ లాక్కుని "కూర్చో, దూరం నుంచి వచ్చావు" అన్నాడు. నువ్వు బల్ల చివర కూర్చున్నావు, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, బస్సు కోసం ఎదురుచూసే మనిషిలా.

చివరికి హన్నెకెదే పైచేయి అయింది. నాన్న గొణుక్కుంటూ ఆమె చేతిలోది తీసుకుని, వంకరపిడి కత్తి ఇచ్చాడు. అదే, నువ్వు ఎప్పుడూ పట్టుకునేది. "మంచి కత్తి అతిథులకి. ఇంటివాళ్ళకి ఇదే" అన్నాడు. ఆమె వెంటనే వేలు తెగ్గోసుకుంది. నాన్న ఎంత నవ్వాడో. తన జేబురుమాలు చింపి కట్టు కట్టి, ఆ రోజు మొక్కజొన్న మమలిగ ముద్ద తినేటప్పుడు ఆమెని పొయ్యి పక్కన కూర్చోబెట్టాడు. వాన వెలిశాక ఆమె వెళ్ళిపోయింది. గేటు దాకా వెళ్ళి సాగనంపాడు. తిరిగొస్తూ "మంచిదే పాపం. కానీ కత్తి పట్టుకోవడం రాదు" అన్నాడు.

తర్వాత మూడోనాడో నాలుగోనాడో బడి నుంచి వచ్చేసరికి వాకిట్లో ఇటుకలు. నాన్న పెద్దగదిలో తివాచీలు తీసి మూలకి చుట్టిపెట్టి, నేల తవ్వుతున్నాడు. నేను గుమ్మంలో నిలబడిపోయాను. పొయ్యి కడుతున్నాడమ్మా. తాతలనాటి నుంచీ పొయ్యి లేని గదిలో.

ఫెన్యా అత్త పరుగెత్తుకొచ్చింది.

"మతి ఉందా నీకు? దిండ్లన్నీ పొగచూరిపోతాయి. పెద్దగదిలో పొయ్యేంటి?"

"చలికాలంలో అతిథులొస్తే?"

"చలికాలంలో మన ఊరికి తోడేళ్ళు తప్ప ఎవరొస్తార్రా నాయనా!"

నాన్న తాపీతో మట్టి సాపు చేస్తూ ఉండిపోయాడు. నేను మట్టి కలిపి ఇచ్చాను, ఇటుకలు అందించాను. మోకాలు సహకరించనప్పుడు నేలమీద చతికిలబడి కట్టాడు.

ఇప్పుడు నీ ప్రశ్న. "సిన్యోరాని వాళ్ళబ్బాయి తీసుకెళ్ళిపోతున్నాడు, చలి ముదిరేలోపు, దిమిత్రి పండగకల్లా వచ్చేస్తాను, ఇక తిరిగి వెళ్ళను" అని రాసి, కింద చిన్న అక్షరాలతో "నా మంచం ఎక్కడ వేస్తారు?" అని అడిగావు.

ముందు ఇంకొకటి చెప్పాలి. ఇంతసేపూ దాని చుట్టూ తిరిగాను. కోతల మొదట్లో, నువ్వు వచ్చేస్తున్నావన్న ఆ ఉత్తరం చదివినప్పుడు నాకు ఏమీ అనిపించలేదమ్మా. సంతోషపడాలి అనుకున్నాను. ఒక నిమిషం కూర్చుని చూశాను, రాలేదు. దుఃఖమైనా వస్తుందేమో అనుకున్నాను, అదీ రాలేదు. కాగితం మడిచి చక్కెర డబ్బా కింద పెట్టి, నువ్వు వస్తున్నావని నాన్నకి చెప్పి, వెళ్ళి కోళ్ళకి గింజలు వేశాను. ఆ రోజు పిల్లలకి భవిష్యత్కాలం పాఠం, మామూలుగానే చెప్పాను. నువ్వు మొదటిసారి వెళ్ళినప్పుడు వ్యాను మలుపు తిరిగాక ఏడవగలిగినంత ఏడ్చాను, గుర్తుందో లేదో, నువ్వు చూడలేదులే. ఆ ఏడుపు ఎక్కడ ఖర్చయిపోయిందో నాకు తెలియదు. చెయ్యి మీద పడుకుని లేస్తే వేళ్ళు మనవి కానట్టుంటాయే, అలా ఉంది లోపల. నీ మీద కోపం కాదు. కోపమైతే నీకు చెప్పడం తేలికయ్యేది.

వంటగది పక్క గదిలో, పాత పొయ్యి పక్కన నీ మంచం మీద ఇప్పుడు నేనే పడుకుంటున్నాను, నా కాపురం ముగిశాక వచ్చినప్పటినుంచీ. నీకు తెలుసు. అది ఇచ్చేయడానికి నాకేమీ కష్టం లేదు. నా మంచం ఎక్కడైనా వేసుకుంటాను.

నాన్నని నిన్న అడిగాను, పొయ్యికి సున్నం వేస్తుంటే. "అమ్మకి ఎక్కడ వేద్దాం?" అని. కుంచె మళ్ళీ సున్నంలో ముంచాడు.

"చలికి ఓర్చుకోలేదు మీ అమ్మ. ఆ దేశం అలవాటైపోయింది" అన్నాడు.

అంతే. ఇంకోసారి అడిగితే, "నువ్వు చదువుకున్నదానివి కదా, నువ్వే చూడు" అని బాల్చీ తీసుకుని వెళ్ళిపోయాడు.

నేనే చూస్తున్నాను, నాకు తేలడం లేదు. నువ్వు చలికాలమంతా ఉండాలని కట్టాడా, చలికాలమంతా అతిథిగానే ఉండాలని కట్టాడా? పోనివాళ్ళకి పెద్దగది ఇవ్వం అన్న మనిషి, పోని మనిషి కోసం ఆ గదిని వెచ్చగా చేస్తున్నాడు. గదిని మారుస్తున్నాడో, నిన్ను మారుస్తున్నాడో ఆయనకి మాత్రం తెలుసా? ఇటుకలైతే బాగానే నిలిచాయి. ఈ పొద్దున మొదటిసారి వెలిగించాం. పొగ తిన్నగా పైకి వెళ్ళింది, ఒక్క దిండు కూడా మసిబారలేదు. ఫెన్యా అత్త గుమ్మంలోంచి చూసి, జేబులోంచి పళ్ళు తీసి పెట్టుకుని మరీ "బాగుంది" అంది.

నీ దుప్పట్లు ఉతికాను, ఆరాయి. రెండు గదుల మధ్య నడవాలో బల్లమీద మడిచి ఉన్నాయి. వంకరపిడి కత్తి నూరించాను. పెద్దగదిలో వేస్తే నిన్ను పంపించేస్తున్నట్టు ఉంటుంది, వంటగది పక్కన వేస్తే నువ్వెప్పుడూ వెళ్ళనే లేదని అబద్ధం చెప్పినట్టు ఉంటుంది. వ్యాను గేటు ముందు ఆగేదాకా ఆ దుప్పట్లు అక్కడే ఉంటాయేమో. ఎక్కడ పరవాలో నాకు తెలియదమ్మా.

ఇట్లు,
ఇంట్లోనే ఉన్న నీ కూతురు
రోదికా