సునా అంటే విన్న

మేడ్చల్, 1944

ప్రియమైన ఎస్తేరుకు, నీ పెనిమిటి ఏలియా దీవించి రాసే జాబు. దేవుని దయ వల్ల నేను మంచిగున్న. మెదక్‌ల నువ్వు, అత్తమ్మ, నీ కడుపుల బిడ్డ సుఖంగ ఉన్నరనే అనుకుంటున్న.

ముందు నువ్వడిగిన వాటికి జవాబు. మేక ఈనింది, రెండు పిల్లలు. చెదలు పట్టిన దూలం తీసి కొత్తది వేయించిన. కాళ్లు వాస్తున్నయని రాసినవ్. బావి కాడికి పోకు, నీళ్లు ఎవరితోనన్న తెప్పించుకో. ఇన్ని దినాలు జాబెందుకు లేదన్నవ్. రాసుడు, చింపుడు అయింది. ఇగ దాచకుండ రాస్తున్న.

శామీర్‌పేటల ఒక దొర గడ్డివాములు కాలినయి. వెట్టికి రానని ఎదురు మాట్లాడిన సిద్దిరాములును పోలీసులు పట్టుకపోయిండ్రు. సాక్షి గొర్ల కుర్మయ్య ఒక్కడే. ఆయన చెప్పింది ఉర్దూల రాసుకున్నరు. అది తెలుగు చేసి కచేరిల మేజిస్ట్రేటు ముంగట ఆయనకు చదివి వినిపియ్యాలె. తెలుగు చేసేది మీ అన్న, మా బావనే. అసలుతోటి సరిచూసి, దిద్ది, దస్కత్ పెట్టేది నేను. అది నీకెరుకే.

ఆ దినం బావ నాకు తెలుగు కాయితమొక్కటే ఇచ్చిండు. "సిద్దిరాములు నిప్పు పెట్టంగ నేను చూసిన" అని ఉన్నది. కుర్మయ్య కండ్లకు పొరలొచ్చి శానా ఏండ్లాయె. మనిషి దగ్గరికొస్తే తప్ప గుర్తు పట్టడు.

"బావా, అసలు కాయితమేది?" అన్న.

"నేను చూసినగద. నువ్వు అక్షరాలు దిద్దు, చాలు."

"అసలు చూడకుంట నేను దస్కత్ పెట్ట."

బావ పెట్టె తీసి కాయితం నా ముంగట వేసిండు. వేలు పెట్టి చదివిన. అందుల "దేఖా" లేదు, "సునా" ఉన్నది. చూసిన కాదు, విన్న. "సిద్దిరాములూ, వాము అంటుకుంది, ఉరికిరా అని ఎవరో మొత్తుకుంటే విన్న" అని చెప్పిండు కుర్మయ్య. మంట ఆర్పెటందుకు పిలిచిన పిలుపది. కచేరిల గబగబ చదివేస్తే, భయం మీద ముసలాయన ఔననే అంటుండె.

కలం ముంచిన. బావ నా చెయ్యి పట్టుకుండు.

"ఏలియా, నిన్న దొర మనుషులు ఇంటికొచ్చిండ్రు. మెదక్‌ల మా అమ్మ ఏ గల్లీల ఉంటదో, చెల్లె ఎన్నో నెలనో వాళ్లే చెప్పిండ్రు. ఇగ నువ్వే చెప్పు, ఏం రాయాలె?"

ఎస్తేరూ, నీకు చెప్పలేకపోయింది ఇదే. నీ పేరు మీద బెదిరించిండ్రని తెలిసినంక కూడ నేను "నిప్పు పెట్టంగ చూసిన" అన్నది కొట్టేసి "విన్న" అని దిద్దిన. మొత్తుకున్న మాటలు కూడ ఎక్కించిన. సిద్దిరాములు పెండ్లాం ఈదమ్మ చంటిపిల్లతోటి కచేరి మెట్ల మీద కూసున్నది. ఆమెను చూసి దిద్దిన్నని చెప్తే నాకు మంచి పేరొస్తది. అసలు సంగతి, నా చెయ్యి ఇంకోతీరు రాయలేకపోయింది, అంతే.

బావ నన్ను తిట్టలేదు. నా దస్కత్ కింద తనది కూడ పెట్టిండు. "ఒక్కనివే ఎందుకు పడాలె" అన్నడు.

సోమవారం కచేరిల చదివినం. కుర్మయ్య "గిదే నేను చెప్పింది" అన్నడు. సిద్దిరాములును ఇడిసిపెట్టిండ్రు. బయట దొర మనుషులు మా ఇద్దరినీ చూసి ఒక్క మాట అనకుంట పోయిండ్రు. తిట్టినా ఇంత భయం కాకపోవు.

అందుకే ఈ జాబు టపాల వేస్తలేను, బావ చేతనే పంపుతున్న. నువ్వు చదివేటప్పుడు ఆయన నీ ముంగటనే ఉంటడు. ఏమనకు. పొద్దుటి సంది తిని ఉండడు, ముందు అన్నం పెట్టు. కానుపయ్యేదాక నువ్వు, అత్తమ్మ మిషన్ దవాఖాన ఆవరణల నర్సు ఎలీషమ్మ ఇంట్ల ఉండున్రి. బావ తోడుంటడు. సెలవు దొరికిన దినమే నేనొస్త.

నిన్ను అడగకుంట నీ ప్రాణం మీదికి తెచ్చిన. కోపమొస్తే కోపంతోనే రాయి. కాని రాయి.

ఇట్లు,
నీ పెనిమిటి
ఏలియా