ట్యాంకు మీద నీ నవ్వు

సీతాలూ,

ఆ ఉదయం భావనపాడులో చేపలు ఎండబెట్టి నువ్వు గట్టు మీద కూర్చున్నావు. వాటర్ ఫిల్టర్ల కంపెనీ వాళ్లు జీపు దిగి, నీ చేతికి నీళ్ల గ్లాసు ఇచ్చి నవ్వమన్నారు. "ఊరికే నవ్వితే పిచ్చిదంటారు బాబూ" అంటూనే నవ్వావు. ఫొటో తీసుకుని వెళ్లిపోయారు.

తర్వాత మన ఉద్దానంలో చాలామందికి అయినట్టే నీకూ కిడ్నీలు పాడయ్యాయి. ఎక్కువ తాగకూడదని, డాక్టరు నీళ్లు కొలిచి ఇమ్మన్నాడు. కొలిచి ఇచ్చింది మీ అక్కని, నేనే. దాహం దాహం అంటూనే పోయావు.

నువ్వు పోయి ఏడాదైంది, ఇవాళ నీ ఏడూడి. ఇవాళే ఆ కంపెనీ మన ఊరికి ఉచితంగా మంచినీళ్ల ట్యాంకు పెట్టింది. దాని మీద నిలువెత్తు నీ బొమ్మ, చేతిలో నిండు గ్లాసుతో.

"ఈవిడ ఏరండీ?" అన్నాడు కంపెనీ అతను.

మన అమ్మ ట్యాంకు వైపు చూపించింది. "అదిగో, తాగతంది కదేటి."

నీ కూతురు గౌరి నా కొంగు పట్టుకుంది. "పెద్దమ్మా, ఆ గలాసు కాళీ అవదేటి?"

అతను గౌరిని చూసి, అచ్చం నీలాగే ఉందన్నాడు. నీ పక్కన దాని బొమ్మ కూడా వేయిస్తాడట.

సాయంత్రం దేవుడికి దీపం పెట్టి అందరం కూర్చున్నాం. నీళ్లు మంచివే, తెచ్చుకుందామనుకున్నాం. కోపం తెచ్చుకోకమ్మా, గౌరిని మాత్రం నీ పక్కన నిలబెట్టం.