ఎడమవైపు మడ్‌గార్డు

1968 మే 5, ఆదివారం. నౌపడ.

ఇవాళ్టి నుంచి నేను మెకానిక్కుని.

ఎందుకో ముందు రాస్తాను. నిన్న సాయంత్రం ఉప్పుమళ్ల రోడ్డు మీద కారు నేర్చుకుంటూ, ఆగి ఉన్న ఎడ్లబండిని పక్కనుంచి దాటబోయాను. నేను దాటాను. మా ఎడమవైపు ముందు మడ్‌గార్డు మాత్రం బండి ఇరుసుని దాటలేదు. జానెడు పగులు.

ఇనుపదైతే సొట్టపడి ఊరుకునేది. ఇది ఫైబర్‌గ్లాసు. అసలువి ఉప్పుగాలికి తుప్పుపట్టి రాలిపోతే, ఈ పాత మోరిస్‌ని మాకు అమ్మినాయన విశాఖపట్నంలో పడవలు చేసేవాళ్ళ దగ్గర ఇవి చేయించాడట. గాజునార గుడ్డ, దాని మీద జిగురు. అంతే. అంత మాత్రం నేను చెయ్యలేనా?

మా ఆయన (పేరు రాయొచ్చు, డైరీ నాది: నరసింగరావు) పగులు మీద వేలు పెట్టి, దానికి జ్వరమొచ్చినట్టు చాలాసేపు చూశాడు.

"ఇది బాగయ్యేదాకా నువ్వు స్టీరింగు ముట్టుకోడానికి నేదు."

"సరే. నేనే బాగుచేస్తాను."

"ఎవరి చేత?"

"నా చేత్తో."

ఆయన నవ్వాడు. అరుగు మీద వక్క కత్తిరిస్తున్న మా అత్త జగ్గమ్మ కూడా నవ్వింది. "కోడలు కారు తోలడమే సిత్రం అనుకున్నాను. ఇప్పుడు కమ్మరం కూడానేటి?"

అందుచేత నిర్ణయం: మెకానిక్కుని పిలవను. కోపం తెచ్చుకోను. మడ్‌గార్డు కొత్తదానిలా అయ్యాకే స్టీరింగు.

మా తమ్ముడు చినబాబు పనిచేసేది విశాఖపట్నంలో ఆ పడవల షాపులోనే. వాడికి కార్డు రాశాను.


మే 8, బుధవారం

చినబాబు సెలవు పెట్టి పాసింజరులో స్వయంగా వచ్చాడు. తెచ్చినవి: రెజిన్, అంటే ఆ జిగురు, ఒక డబ్బా (తేనెలా ఉంది, వాసన మాత్రం తేనెలా లేదు). దాన్ని గట్టిపరిచే మందు, చిన్న సీసా. గాజునార గుడ్డ. బ్రష్షులు. గరుకు కాగితం. పడవల షాపు కబుర్లు బోలెడు.

చెప్పడం బాగా చెప్పాడు. పగులు చుట్టూ గీకాలి. వెనకవైపు నుంచి గుడ్డ అతికించాలి. రెజిన్‌లో మందు కలిపి బ్రష్షుతో అద్దాలి.

"మందు ఎక్కువైందా, పొగొస్తాది అప్పా. తక్కువైందా, ఎప్పటికీ ఆరదు."

"మరి ఎంత వెయ్యాలి?"

"సరిపడా."

భోంచేసి వెళ్ళిపోయాడు.

ఏం పర్వాలేదు. సరిపడా ఉప్పు వేసి నా చేత్తో రోజూ కూర వండుతున్నాను. ఇదీ అంతే. ఆదివారానికి అయిపోతుంది.


మే 9, గురువారం

పొద్దున్నే బోల్టులు విప్పి మడ్‌గార్డు పెరట్లోకి తెచ్చాను. గంటసేపు గీకాను. ఎంత నున్నగా వచ్చిందో.

మధ్యాహ్నం. దురద.

సాయంత్రం. మోచేతుల దాకా దురద. మెడ మీద దురద. ఆ పొడి కంటికి కనిపించని గాజు అని చినబాబు చెప్పలేదు. చెప్పే ఉంటాడు. ఆ టైములో నేను వాడికి పులుసు వడ్డిస్తున్నాను.

అత్త పెరట్లో ఎండబెట్టిన వడియాల మీద కూడా పొడి పడింది. ఆమె ఒక్కొక్కటీ చీరకొంగుతో తుడిచి పెట్టుకుంది. ఇప్పుడు ఆమెకీ దురద.

"ఒలే తాయారూ, ఏటి సల్లినావే నా మీద?"

కొబ్బరినూనె రాసుకుని ఇద్దరం చెరో గుంజకీ వీపు రుద్దుకున్నాం. మూడేళ్ళ కాపురంలో అత్తా నేనూ ఒకే పని కలిసి చెయ్యడం ఇదే మొదలు.


మే 10, శుక్రవారం

విశ్రాంతి. ఇది ఆపడం కాదు. దురద తగ్గాక చేస్తే పని శుభ్రంగా వస్తుంది.


మే 12, ఆదివారం

ఇవాళ అతికించే రోజు. మా ఆయన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు, చూడ్డానికి.

ఇత్తడి గిన్నెలో రెజిన్ పోశాను. మందు వేశాను. సరిపడా అనిపించలేదు. ఇంకాస్త వేశాను. కలుపుతుంటే గిన్నె వెచ్చబడింది. తర్వాత కాలింది. తర్వాత పొగ. బ్రష్షు తీద్దామంటే రాలేదు. గిన్నె పైకెత్తితే బ్రష్షుతో పాటే లేచింది.

మా ఆయన లేచి, బ్రష్షు పట్టుకుని గిన్నెని గంటలా ఊపి, కింద పెట్టి, లోపలికి వెళ్ళిపోయాడు.

అది అత్త పుట్టింటి గిన్నె. ఆ సంగతి తర్వాత తెలిసింది. సాయంత్రందాకా తెలుస్తూనే ఉంది.


మే 13, సోమవారం

తెలివి వచ్చింది. ఇవాళ మందు తక్కువ వేశాను. పొగ లేదు, వేడి లేదు. గుడ్డ పరిచి, రెజిన్ అద్ది, పగులంతా మూసేశాను. ఎంత బావుందంటే, ఆయన్ని పిలిచి చూపించాను.

"ఆరనీ," అన్నాడు.


మే 15, బుధవారం

ఆరలేదు.

నిన్న మాపటేళ కోడిపెట్ట దాని మీదెక్కి కూర్చుంది. లాగితే కోడి వచ్చింది, ఈకలు రాలేదు. మడ్‌గార్డు మీద ఇప్పుడు చీమలు, గడ్డి, తెల్ల ఈకలు. దూరం నుంచి చూస్తే ఎగిరేట్టుంది.

కారణాలు:
సముద్రపు గాలి. ఈ తేమలో అప్పడమే ఆరదు.
మందు పాతదై ఉంటుంది.
చినబాబు సరిగ్గా చెప్పలేదు.
కోడి.

అత్త వచ్చి చూసింది. "మంచి రోజు సూసి మొదలెట్టావేటే?" అంది. ఇన్నాళ్ళూ ఆ మాటకి నవ్వాను. ఇవాళ పంచాంగం ఎక్కడుందని అడిగాను.


మే 18, శనివారం

కొత్త ఉపాయం. ఈకలన్నీ గీకేసి, మడ్‌గార్డుని అరుగు మీద బోర్లించి, పైనుంచి గుడ్డ వేసి రెజిన్ దట్టంగా పోశాను. మందు ఈసారి ఎక్కువా కాదు, తక్కువా కాదు. రాయిలా గట్టిపడింది. కోపం ఒక్కసారి కూడా రాలేదు. గెలిచాను.


మే 19, ఆదివారం

గెలవలేదు. రెజిన్ పగుల్లోంచి కిందకి కారి, సిమెంటు అరుగుతో కలిసి గట్టిపడింది. లాగితే రాదు. ఆయనా నేనూ చెరోవైపూ పట్టుకుని లాగాం. టప్పుమంది. పగిలినచోట కాదు, బాగున్నచోట రెండు ముక్కలైంది. ఒక ముక్క ఆయన చేతిలో, ఒకటి అరుగుకి.

"జానెడు పగులు కదే," అన్నాడాయన, నెమ్మదిగా.

"మీరు అడ్డంగా లాగారు," అన్నాను. గట్టిగానే అన్నాను. కోపం తెచ్చుకోననే నిర్ణయం కూడా పోయింది.

ఇంక నా వల్ల కాదు. కారు తోలని ఆడవాళ్ళు దేశంలో చాలామంది ఉన్నారు. హాయిగా బతుకుతున్నారు. వాళ్ళ చేతులకి దురద కూడా లేదు.


మే 22, బుధవారం

నిన్న రాయలేదు.

నిన్న పొద్దున ఆయన ఉప్పు పర్మిట్ల పని మీద శ్రీకాకుళం వెళ్ళాడు. చేపలమ్మే గున్నమ్మ కవళ్ల చేపలు తెచ్చింది. అత్తకి కవళ్ల పులుసంటే ప్రాణం. భోజనం దగ్గర కూడా నన్నే తిడుతోంది. నేను పాడుచేసిన గిన్నె గురించి ఒక ముద్ద, అరుగు గురించి ఒక ముద్ద. మధ్యలో మాట ఆగిపోయింది.

నేను తలెత్తలేదు. ఆగిందని సంతోషించాను. పాపం తగిలితే తగలనీ, నిజంగానే సంతోషించాను. తర్వాత చూస్తే ఆమె రెండు చేతులతో గొంతు పట్టుకుని ఉంది. కళ్ళు బయటికొచ్చాయి. ముల్లు.

అన్నం ముద్ద మింగించాను. దిగలేదు. అరటిపండు పెట్టాను. కక్కేసింది. ఉమ్మిలో నెత్తురు. పక్కింటి వసారాలో బేరమాడుతున్న గున్నమ్మని కేకేస్తే పరుగెత్తుకొచ్చి, నోరు తెరిపించి చూసింది.

"లోతుగా దిగిపోనాది పిల్లా. బేగి టెక్కలి ఆస్పత్రికి తీసికెల్లు."

"బస్సు సాయంత్రానికి గానీ లేదు."

"కారున్నాది గదా?"

ఉంది. ఎడమవైపు మడ్‌గార్డు లేకుండా, చక్రం బయటపెట్టుకుని నిలబడి ఉంది. తాళంచెవి మేకుకి ఉంది. ముట్టుకోనని అత్త ఎదురుగానే మాటిచ్చాను. అత్త వంక చూశాను. ఆమె తాళంచెవి వైపు వేలు చూపించింది.

అత్త ముందు సీట్లో, నా ఎడమవైపు. వెనక గున్నమ్మ, ఒళ్ళో చేపల తట్ట. తట్ట దించెయ్యమంటే, "పిల్లులు తినేస్తాయి," అంది.

నాకు ఆయన నేర్పింది రెండో గేరుదాకా. రెండో గేరులోనే వెళ్ళాను. ఇంజను ఏడుస్తూనే ఉంది. ఉప్పుమళ్ల దగ్గర కాలవ తెగి రోడ్డంతా బురద. మడ్‌గార్డు ఎందుకు పెడతారో నాకు నిన్న తెలిసింది. ఎడమ చక్రం లేపిన బురదంతా కిటికీలోంచి వచ్చి అత్త మీదే పడింది. మొహం మీద, తల మీద. ఆమె తుడుచుకోలేదు. ఒక చెయ్యి గొంతు మీద, రెండోది నా మోకాలి మీద. ఎంత గట్టిగా పట్టుకుందంటే, ఇవాళ అక్కడ నల్లగా కమిలింది.

తిట్టమ్మా అనుకున్నాను దారంతా. ఒక్క మాట తిట్టు. ఇంట్లో ఆ గొంతు లేకపోతే ఎలా ఉంటుందో ఎప్పుడూ అనుకోలేదు. భయమేసింది.

ఆస్పత్రి గేటులో తిరగబోయి కుడివైపు మడ్‌గార్డుని స్తంభానికి కొట్టాను. చప్పుడు వినిపించింది. ఆగి చూడలేదు.

డాక్టరుగారు ముందు బురద కడిగించి, అప్పుడు గొంతులోకి లైటు వేసి, పొడుగాటి పటకారు పెట్టి ముల్లు లాగారు. అగ్గిపుల్లంత ఉంది. అత్త కాసేపు ఊపిరి పీల్చుకుంది. నీళ్ళు తాగింది. నా వైపు తిరిగింది. గొంతు బొంగురుపోయింది.

"రెండో గేరులోనే తెచ్చావేటే? మావోడు మూడోది నేర్పనేదా?"

నేను ఆస్పత్రి వరండాలో కూర్చుని ఏడ్చాను. గున్నమ్మ నా వీపు నిమిరింది, చేపల చేత్తోనే. తర్వాత అక్కడున్న కాంపౌండరుకి కవళ్లు అమ్మింది.

సాయంత్రం ఆయన వచ్చి కారు చుట్టూ తిరిగాడు. ఎడమవైపు మడ్‌గార్డు లేదు. కుడివైపుది పగిలింది. లోపలంతా బురద, చేపల వాసన.

"బాగుచేసేదాకా ముట్టుకోనన్నావు," అన్నాడు.

నేను నోరు తెరిచేలోపు అత్త లోపల్నుంచి వచ్చింది. "ఒరే, నా పీక కన్నా నీ పందెం ఎక్కువేట్రా? దానికి మూడో గేరు నేర్పు."

ఆయన అమ్మ దగ్గరకి వెళ్ళి పక్కన కూర్చుని, "ఏదీ, నోరు తెరు," అన్నాడు. గొంతులోకి చూశాడు. ఆ తర్వాత మడ్‌గార్డు మాట ఎత్తలేదు.


మే 25, శనివారం

బుధ, గురువారాలు సాయంత్రం మూడో గేరు. నిన్న నాలుగోది. ఆయన ఎడమ సీట్లో కూర్చుని తలుపు రెండు చేతులా పట్టుకుంటాడు. అయినా నేర్పుతున్నాడు.

ఇవాళ అత్త చెప్పింది. ఆస్పత్రి దారిలో, మాట రానప్పుడు, మనసులో మొక్కుకుందట. గొంతు వస్తే రామతీర్థం వచ్చి దర్శనం చేసుకుంటానని. రేపే వెళ్ళాలట. కారులోనే. నేను తోలాలట.

"మడ్‌గార్డు లేకుండా అంత దూరమేటమ్మా?" అన్నాడాయన. "జనం నవ్వుతారు."

"రాముడు మడ్‌గార్డులు సూస్తాడేట్రా?"

బేరం కుదిరింది. టెక్కలి దాకా నేను. అక్కణ్ణించి ఆయన. టెక్కలి దాటాక నేను ఆపితే కదా.

చినబాబుకి ఇంకో కార్డు రాశాను. రెజిన్ రెండు డబ్బాలు పంపమన్నాను, మందు ఎంతో అంకెల్లో రాయమన్నాను.

నిర్ణయం: మెకానిక్కుని పిలవను. కోపం తెచ్చుకోను. రెండు మడ్‌గార్డులూ కొత్తవాటిలా చేశాకే కారు బయటికి తీస్తాను.

సోమవారం నుంచి.