గుంట బతికింది, నువ్వు పడవెక్కకు

నాన్నా, మేమంతా క్షేమం. కాలి కట్టు విప్పేదాకా నువ్వు ఆసుపత్రి వదలకు.

అల వచ్చిన మాట నిజమే. సముద్రం వైపు గట్టు దాటి మన బబాయి చేమదుంపల గుంటలో పడింది. నీళ్ళు నాలుక మీద వేసుకుంటే ఉప్పుకషాయం. నేనూ అమ్మా తోడుతుంటే పక్క గుంట తెబానో మామ సాయానికి వచ్చాడు. పరాయి గుంటలోకి తొంగిచూశాడన్న పేరు ఎవరికి కావాలి? అందుకని గుంటకు వీపు పెట్టి, ఆకాశం చూస్తూ, చేతులు వెనక్కి చాచి బకెట్లు అందుకున్నాడు.

"మీ నాన్న ఏ ఆకు ఎరువేస్తాడో చూశానన్న నింద నాకొద్దే పిల్లా!" అంటూనే కాలు జారి వెల్లకిలా లోపల పడ్డాడు. మెడదాకా బురద, రెండు చేతులూ కళ్ళ మీద. "నేనేం చూళ్ళేదు!" అని ఒకటే అరుపు.

"చూళ్ళేదులే అన్నయ్యా, ముందు నా దుంప మీంచి లే," అంది అమ్మ.

ఉప్పునీళ్ళన్నీ తోడేశాక, ఈ పొద్దున గుంట అడుగు నుంచి నీళ్ళు మళ్ళీ తియ్యగా ఊరాయి. దుంపలు గట్టిగానే ఉన్నాయి గానీ ఆకులు పసుపెక్కాయి, ఇప్పుడే ఎరువు పడాలి.

గాలాలూ బట్టల సబ్బూ పంపు. నీకు తోడున్న అత్తకు దగ్గు తగ్గిందా? నా దండాలు చెప్పు.

ఆ ఎరువు ఆకు గుట్టు కొడుక్కే చెప్పాలంటావు. నీకున్నది నేనొక్కదాన్నే. కార్డు మీద రాస్తే పడవంతా చదువుతుంది, అత్త ఇక్కడికి తిరిగొచ్చేటప్పుడు ఆమె చెవిలో వెయ్యి. నువ్వు చెప్పకపోతే తెబానో మామనే అడుగుతాను. కళ్ళు మూసుకున్నాడు గానీ ముక్కు మూసుకోలేదు.

నీ తెరెతియా