మెర్ల్ టీచర్‌కి చెప్పని మాట

డగ్లస్ గారికి నమస్కారం.

మీరు నన్ను ఎరగరు. యాభై ఏళ్ల కిందట మీ ఆవిడ మెర్ల్ టీచర్ చార్ల్‌విల్ నుంచి, అటూ ఇటూ మాట్లాడుకోగలిగే రేడియోలో పాఠాలు చెప్పేవారు. రెండొందల మైళ్ల అవతల, మా పశువుల ఫారంలో కూర్చుని నేర్చుకున్న పిల్లని నేను. నాకు నత్తి.

మొదటి రోజు హాజరు పిలిస్తే నా పేరే నా నోట్లోంచి రాలేదు. రేడియోలో మిగతా పిల్లలు కిసుక్కుమన్నారు.

"నవ్వింది చాలు," అన్నారు టీచర్. "నువ్వు నింపాదిగా చెప్పమ్మా. ఈలోగా నేను టీ తాగుతా."

నిజంగానే తాగారు, చప్పుడు వినబడింది. చాలాసేపటికి నా పేరు బయటికొచ్చింది. ఆ తర్వాత ఆరేళ్లలో ఏ రోజూ నన్ను దాటేసి పక్క పేరు పిలవలేదు.

పోయిన ఏడాది చార్ల్‌విల్ మందుల షాపులో ఆ గొంతు విని గుర్తుపట్టాను. "ఇంత లావు మాత్రలు నాకా, గుర్రానికా?" అని షాపతన్ని ఆటపట్టిస్తున్నారు. థాంక్స్ చెబుదామని దగ్గరిదాకా వెళ్లాను. అంతమందిలో మాట తడబడుతుందని సిగ్గేసి, దగ్గుమందు కొనుక్కుని వచ్చేశాను. సిగ్గుపడక్కర్లేని ఒకే ఒక్క మనిషి దగ్గర సిగ్గుపడ్డాను.

ఆవిడ పోయారని నిన్న పేపర్లో చూశాను.

శనివారం చర్చిలో ఆవిడ అంత్యక్రియలప్పుడు నన్ను మాట్లాడనిస్తారా? "రాసిస్తే పాస్టరు గారు చదువుతారు కదే, నీకెందుకీ అవస్థ?" అంటున్నాడు మా ఆయన.

వద్దన్నాను. అది నా నోటితో నేనే చెప్పాలి.

మీ ఆవిడ శిష్యురాలు